ఓటు మారుతోంది, ప్రభుత్వం మారుతోంది, ఆర్థిక విధానం మాత్రం ఎందుకు మారడం లేదు?

ఆదోని పత్తి

అందరికీ నమస్తే. ఇక్కడ రాజకీయశాస్త్రం చెప్పే సార్లు, గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది ఆదోని. కొంచెం పెద్ద జబ్బొస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పోవాల్సిందే, దాదాపు 100 కిలోమీటర్లు. అందుకే ఆదోనికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ అనగానే ఊరంతా సంతోషపడింది. 2023లో అప్పటి ప్రభుత్వం కొత్త కాలేజీల సీట్లను విడగొట్టింది. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్, ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్నారై కోటా, 20 లక్షలు. ప్రభుత్వ కాలేజీలో సగం సీట్లు డబ్బున్నోళ్లకా అని అప్పుడు ప్రతిపక్షం గట్టిగా మాట్లాడింది. 2024లో ఆ ప్రతిపక్షమే గెలిచింది. మరుసటేడు ఆదోని, పులివెందుల, పెనుకొండ, మదనపల్లె, మార్కాపురం కలిపి మొత్తం 10 కాలేజీలు పీపీపీ పద్ధతిలో, అంటే ప్రభుత్వం, ప్రైవేటు కలిసి నడిపే పద్ధతిలో, ఇస్తామని నిర్ణయం తీసుకుంది. ఇప్పుడు వీధుల్లోకి వచ్చి ప్రైవేటుపరం చేస్తున్నారు అంటున్నది ఎవరంటే, ముందు సీట్లకు రేటు పెట్టినవాళ్లే.

ఈ రెండు పార్టీల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కార్యకర్తలు తలలు పగలగొట్టుకుంటారు, మా బంధువుల్లోనే రెండు వైపులా మాటల్లేవు. కానీ డబ్బెవరు పెట్టాలి, ఫీజు ఎవరు కట్టాలి అనే దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తున్నారు. దీన్నే నయా ఉదారవాదం అంటారని ఒక సభలో విన్నా. అసలు అదేంటి, అది మన ప్రజాస్వామ్యాన్ని ఏం చేస్తోంది, ఇందులో మన ఓటుకు చోటు ఉందా? మన జిల్లాల్లో కంటికి కనిపించేది చెప్పండి. ఏ పార్టీ గొప్ప అనే గొడవ మాత్రం దయచేసి వద్దు.

గండికోట

తమ్ముడూ, నేను కడపలో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్తాను, ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

ప్రభుత్వం తప్పుకుని అంతా ప్రైవేటుకు వదిలేయడమే నయా ఉదారవాదం అని చాలామంది అనుకుంటారు. అది సగమే. 1947లో స్విట్జర్లాండ్‌లోని మాంట్ పెలరిన్‌లో హయెక్, ఫ్రీడ్‌మన్ లాంటి ఆర్థికవేత్తలు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. హయెక్‌ను బాగా భయపెట్టిన సంగతి ఏమంటే, అడ్డూ అదుపూ లేని మెజారిటీ ఆస్తి హక్కులనూ మార్కెట్ ధరలనూ ఓట్లతో మార్చేస్తుందని. కాబట్టి ఆయన కోరింది ప్రభుత్వం లేకపోవడం కాదు, మార్కెట్ నియమాల మీద ఎవరూ చెయ్యి వేయకుండా కాపలా కాసే ప్రభుత్వం. ఇది అర్థమైతే, 1973లో చిలీలో సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాక ఫ్రీడ్‌మన్ శిష్యవర్గం అక్కడ ఎలా పనిచేయగలిగిందో అర్థమవుతుంది. 2015 జూలై 5న గ్రీసు ప్రజలు అప్పిచ్చినవాళ్లు పెట్టిన పొదుపు షరతులు వద్దని 61 శాతం ఓటేసిన తర్వాత, అదే ప్రభుత్వం పది రోజులు తిరక్కుండానే ఆ షరతులకు ఎందుకు తలొగ్గిందో కూడా అర్థమవుతుంది.

మన దగ్గరికి వద్దాం. 1991లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉంది, బంగారం తాకట్టు పెట్టారు, అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గరికి వెళ్లారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు. ప్రధాని పీవీ అప్పటికి ఎంపీ కూడా కాదు. నవంబరులో మన నంద్యాల నుంచే ఉప ఎన్నికలో దాదాపు 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. దేశ ఆర్థిక దారి మొత్తం మళ్లిన ఏడాది అది, ఆ దారి మళ్లించిన మనిషికి రికార్డు మెజారిటీ ఇచ్చింది మనమే. కానీ ఆ ఓటు ఆ విధానానికి వేసిన ఓటు కాదు, తెలుగువాడి మీద అభిమానంతో వేసింది.

తర్వాత వచ్చినవి ఇంకా నిశ్శబ్దంగా వచ్చాయి. 2003లో కేంద్రం ద్రవ్య బాధ్యత చట్టం చేసింది, 2005లో మన రాష్ట్రమూ చేసింది, లోటు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దాటకూడదని. అప్పు అదుపులో ఉండాలనే మాట తప్పు కాదు, నేనూ ఒప్పుకుంటా. 2020లో ఏమైందో చూడండి. కరోనా వల్ల రాష్ట్రాల అప్పు పరిమితిని కేంద్రం 3 నుంచి 5 శాతానికి పెంచి, అందులో 1 శాతాన్ని నాలుగు సంస్కరణలకు ముడిపెట్టింది. రేషన్ కార్డు, వ్యాపార అనుమతులు, కరెంటు, మునిసిపాలిటీలు. మన ప్రభుత్వం అదే ఏడాది మునిసిపల్ చట్టాలు సవరించి, ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువ మీదికి మార్చింది. కర్నూలు, అనంతపురం, కడపల్లో పన్ను నోటీసు అందుకున్నవాళ్లు కార్పొరేటర్‌ను పట్టుకుని అడిగారు. ఆయన ఏం చెప్తాడు? ఆయన వార్డులో కాదు, ఆయన కౌన్సిల్లో కూడా కాదు తేలింది. అప్పు కావాలంటే ఇది చెయ్యి అని ఢిల్లీలో తేలింది. 74వ సవరణ చేసి పట్టణాలకు స్వపరిపాలన ఇచ్చామని 1993 నుంచి చెప్పుకుంటున్నాం, మరి ఇంటి పన్ను ఏ లెక్కన వేయాలో నిర్ణయించుకునే హక్కు ఎవరి దగ్గరుంది?

నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఓటు వేయడానికి ముందే కొన్ని విషయాలు ఓటు పరిధి నుంచి తీసి పక్కన పెట్టేశారు. పార్టీలు కొట్టుకునేది మిగిలిన వాటి మీద.

హెచ్‌టీ లైన్ అనంతపురం

గండికోట సార్ చెప్పిన దానికి నేను చూసింది కలుపుతా. నేను కరెంటు బోర్డులో చేరి, అది కంపెనీలుగా విడిపోయాక కంపెనీలో రిటైరైనవాణ్ణి.

బోర్డు ఉన్నప్పుడు రేటు పెరిగితే జనం మంత్రిని తిట్టేవాళ్లు, మంత్రి జవాబు చెప్పాల్సి వచ్చేది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో బోర్డు రెండు ముక్కలు, రేట్లు తేల్చడానికి నియంత్రణ మండలి, ప్రపంచ బ్యాంకు నుంచి 21 కోట్ల డాలర్ల అప్పు. 2000లో రేట్లు పెంచారు. జనం రోడ్డెక్కారు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ రోజుల్లో సబ్‌స్టేషన్‌కు వచ్చి నిలదీసిన రైతులకు మేము చూపించగలిగింది మండలి ఇచ్చిన టారిఫ్ ఆర్డర్ ఒక్కటే. మా పైవాళ్లను అడిగితే మండలి అనేవాళ్లు. ప్రభుత్వాన్ని అడిగినా మండలే. అడిగేవాడికి ఎదురుగా మనిషి లేకుండా పోయాడు.

అయితే కథ అక్కడితో ఆగలేదు, ఇది ముఖ్యం. 2004లో ఉచిత కరెంటు హామీతో వైఎస్ గెలిచారు, ప్రమాణం చేసిన రోజే దాని మీద సంతకం పెట్టారు. ప్రపంచ బ్యాంకు చెప్పిన దానికి పూర్తిగా వ్యతిరేకం అది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని తీసేయలేకపోయింది. కాబట్టి ఓటుకు బలం లేదని నేను ఒప్పుకోను. మా అనంతపురంలో ఎండిపోయిన బోర్ల పక్కన నిలబడ్డ రైతు వేసిన ఓటు అది.

ఇంకోటి చెప్తా, ఇది నన్ను బాగా ఆలోచింపజేసింది. ఉరవకొండ, వజ్రకరూరు, రామగిరి వైపు వెళ్తే గుట్టల మీద గాలిమరలు కనిపిస్తాయి కదా. వాటిలో చాలావాటికి యూనిట్ 4 రూపాయల 84 పైసలకు అటూ ఇటూగా 25 ఏళ్ల ఒప్పందాలున్నాయి. 2019లో 151 సీట్లతో గెలిచిన ప్రభుత్వం ఈ రేటు ఎక్కువ, తగ్గించాలని జూలైలోనే కమిటీ వేసింది. కేంద్ర మంత్రి వద్దని లేఖ రాశారు, జపాన్ రాయబారి రాశారు, కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. కొన్నాళ్లు మధ్యంతరంగా 2.43, 2.44 చొప్పున ఇచ్చారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని తేల్చింది. కోర్టు చట్టం ప్రకారం చెప్పింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ 151 సీట్లు ఉన్నా యూనిట్ మీద రూపాయి తగ్గించలేని చోటు ఒకటుందని ఆ రోజు తెలిసింది. పైగా తీర్పుకు ముందే, 2021 డిసెంబరులో, అదే ప్రభుత్వం 7,000 మెగావాట్ల సోలార్ కరెంటుకు 2.49 రూపాయల చొప్పున ఇంకో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. 25 ఏళ్లంటే 5 ఎన్నికలు. ఇప్పుడు ఒకటో తరగతి చదువుతున్న పిల్లలు పెద్దయ్యి ఓటేసే ప్రభుత్వం కూడా ఆ సంతకానికి కట్టుబడాల్సిందే.

ఇంట్లో కరెంటు బిల్లు ఉంటే తీసి చూడండి. వాడిన యూనిట్ల డబ్బు ఒక లైను, స్థిర ఛార్జీ ఒకటి, సుంకం ఒకటి, కింద ఇంధన సర్దుబాటు. 2023 ఏప్రిల్ నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసలు అలా వేస్తూ వచ్చారు. అది కాక 2022-23లో వాడిన కరెంటుకు ఇంకా రావాల్సిందని 6,072 కోట్లు వసూలు చేసుకోవడానికి మండలి అనుమతిస్తే, 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేశారు. ఖర్చు జరిగింది ఒక ప్రభుత్వంలో, బిల్లు వచ్చింది ఇంకో ప్రభుత్వంలో. మీ పాపం అని వీళ్లు, మీ బాదుడు అని వాళ్లు. కట్టేది మాత్రం ఒకే మనిషి.

పెనుకొండ బైపాస్

పెద్దలు చెప్పింది మొత్తం చదివాను, గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నా.

1991కి ముందు ఎలా ఉండేదో మా నాన్న చెప్తారు. ఫోన్ కనెక్షన్‌కు ఏళ్లు ఆగాలి, స్కూటర్ బుక్ చేసి ఎదురు చూడాలి, సిమెంటు బస్తాకు పర్మిట్. అప్పుడు కూడా నిర్ణయాలు జనం తీసుకోలేదు, లైసెన్సులిచ్చే ఆఫీసర్లు తీసుకున్నారు. మా వీధి కుర్రాళ్లు రాత్రి బస్సెక్కి బెంగళూరు పోయి హోటళ్లలో, బిల్డింగు పనుల్లో బతికేవాళ్లు. 2017లో కియాతో ఒప్పందమైంది, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్లు తీసే ఫ్యాక్టరీ ఎర్రమంచిలో వచ్చింది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. నేను అలాంటి ఒక దాంట్లోనే పనిచేస్తున్నా. మధ్యలో ప్రభుత్వం మారింది, ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. మీరు తప్పు అంటున్న గుణం ఉంది చూడండి, ప్రభుత్వం మారినా ఒప్పందం మారకపోవడం, దాని వల్లే నాకు ఇంటి దగ్గర ఉద్యోగం ఉంది. 2019లో గాలిమరల ఒప్పందాలు కదిలించినప్పుడు పెట్టుబడి పెట్టేవాళ్లకు వచ్చిన టెన్షన్ ఎలాంటిదో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. అయిదేళ్లకోసారి రూలు మారితే ఈ కరువు నేలకు ఎవరొస్తారు?

ఒక్క విషయంలో మాత్రం మీ వైపు ఉంటా. మార్కెట్ దానంతట అది రాలేదు. భూమి ప్రభుత్వం సేకరించింది, రోడ్డు వేసింది, గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీనీవా నీళ్లు తెచ్చింది. ప్రజల సొమ్ముతో తెచ్చినప్పుడు అందులో పనిచేసేవాడి షరతులు కూడా ఒప్పందంలో ఉండాలి కదా. 2025లో ఫ్యాక్టరీల చట్టం సవరించి రోజు పని గంటలు 9 నుంచి 10కి పెంచుకునే వీలు ఇచ్చారు. దాని గురించి మా షాప్ ఫ్లోర్‌లో ఎవరినీ ఎవరూ అడగలేదు. మాలో ఎక్కువమంది కాంట్రాక్టు వాళ్లం, యూనియన్ అనే మాట పైకి అనడానికే భయం. అంటే ఫ్యాక్టరీ ఉండాలి, మా నోరు కూడా ఉండాలి. రెండూ కుదరవని ఎందుకు అంటారో నాకు అర్థం కాదు.

బుడ్డల చేను

పెనుకొండ తమ్ముడూ, నీ చివరి మాట నాకు చాలా నచ్చింది. నాది కళ్యాణదుర్గం వైపు, మెట్ట వ్యవసాయం చేసే కుటుంబం. ఒప్పందం మారకూడదు అన్నావు కదా, రైతుకు సంబంధించిన రూలు ఎన్నిసార్లు మారిందో చూడు.

1986లో నూనెగింజల మిషన్ పెట్టారు. పదేళ్లలోపే దేశంలో నూనెగింజల దిగుబడి రెట్టింపైంది, వంటనూనెలో దాదాపు మన కాళ్ల మీద మనం నిలబడ్డాం. ఉమ్మడి అనంతపురంలో 20 లక్షల ఎకరాల దాకా వేరుశనగ వేసిన రోజులున్నాయి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని నేల మీద. 1994లో పామోలిన్‌ను 65 శాతం సుంకంతో ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చన్నారు. 1998 నాటికి ఆ సుంకం 15 శాతం. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) అడిగింది అంటారు కొందరు, అది నిజం కాదు. అక్కడ పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనం ఉంచుకున్నాం. బయటివాళ్లు మెడ మీద కత్తి పెట్టలేదు, మనవాళ్లే ఇదే సరైన దారి అని నమ్మి తగ్గించారు. 2008లో ముడి పామాయిల్‌పై సుంకం సున్నా చేశారు. ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే.

2024 సెప్టెంబరులో ముడి నూనె మీద మూల సుంకం 20 శాతానికి పెంచారు, 2025 మేలో 10కి దించారు. ఒక నోటిఫికేషన్ చాలు. మేము విత్తనం కొనేటప్పుడు ఒక ధర ఊహించుకుంటాం, కాయ ఇంటికొచ్చేసరికి ఢిల్లీలో ఇంకోటి అవుతుంది. పట్నంలో వాళ్లకు నూనె చవగ్గా దొరకాలి, నిజమే, మేమూ నూనె కొనుక్కునేవాళ్లమే. కానీ ఈ ఇద్దరి మధ్య ఎవరికి ఎంత అనేది తేల్చాల్సింది ఎన్నికల్లో కాదా? ఇన్నేళ్లలో మా నియోజకవర్గంలో ఓటు అడగడానికి వచ్చిన ఒక్కరి నోట కూడా పామాయిల్ సుంకం అనే మాట నేను వినలేదు. రుణమాఫీ అంటారు, ఇన్‌పుట్ సబ్సిడీ అంటారు, ఖాతాలో వేస్తాం అంటారు. దెబ్బ తగిలాక రాసే మందు మీదే మా ఓట్లన్నీ పోతున్నాయి. ఆ మందు కూడా అవసరమే, అప్పులకు తట్టుకోలేక చేలోనే ప్రాణం తీసుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు, ఆ ఇళ్లలో ఆ డబ్బుతో పిల్లలు చదువుకున్నారు.

ఇంకో మాట చెప్పి ఆపుతా. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ప్రారంభించింది ఎవరు? 1991 బడ్జెట్ పెట్టిన మన్మోహన్ సింగే. కూలోళ్ల సంఘాలు, కమ్యూనిస్టులు, సామాజిక కార్యకర్తలు ఏళ్ల తరబడి అడిగితే, 2004లో పల్లెలు వేరేగా ఓటేస్తే, అదే మనిషి వచ్చి పని అడగడం హక్కు అని చెప్పాల్సి వచ్చింది. పని ఇవ్వకపోతే భృతి ఇవ్వాలని చట్టంలో రాశారు. పథకం ఎవరో దయతలచి ఇస్తారు, హక్కును మనం అడిగి తీసుకుంటాం, ఇది ఉపాధి పనుల్లో కూలీల గుంపును చూసుకునే మా మేట్‌లకు బాగా తెలుసు. ఈమధ్య పీ4 అని, డబ్బున్నవాళ్లు పేద కుటుంబాలను దత్తత తీసుకోవాలని అంటున్నారు. ఎవరైనా మంచి మనసుతో చేస్తే దండం పెడతా. కానీ దత్తత తీసుకున్నాయన చెయ్యకపోతే నేను ఎవరి మీద కేసు వేయాలి?

ఆదోని పత్తి

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, చివర్లో మీరడిగిన ప్రశ్న నా ప్రశ్న కంటే గట్టిగా ఉంది.

నాకు ఇప్పుడు ఒక విషయం స్పష్టమైంది. పీపీపీ మంచిదా చెడ్డదా అని మేము ఆదోనిలో వాదించుకుంటున్నాం గానీ, ఆ ఒప్పందంలో ఏముందో ఒక్కరం కూడా చదవలేదు. ఎన్నేళ్లకు ఇస్తున్నారు, ఆసుపత్రిలో ఉచిత వైద్యం ఎంతమందికి, ఫీజు ఎవరు తేలుస్తారు, మధ్యలో ప్రభుత్వం వెనక్కి తీసుకోవాలంటే ఎంత కట్టాలి. హెచ్‌టీ లైన్ పెద్దాయన చెప్పిన గాలిమరల సంగతి చదివాక, సంతకం అయిన తర్వాత ధర్నా చేసి లాభం తక్కువ అనిపిస్తోంది. ఇవి ఎలా తెలుసుకోవాలి?

హెచ్‌టీ లైన్ అనంతపురం

సమాచార హక్కు చట్టం కింద వైద్య ఆరోగ్య శాఖ సమాచార అధికారికి రాయి బాబూ, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాయకు, అలా రాస్తే వాళ్లు కూడా గుండుగుత్తగా ఏదో ఒకటి రాసి పంపుతారు. టెండరు పత్రం, ముసాయిదా కన్సెషన్ అగ్రిమెంటు (కాలేజీని నడపడానికి ప్రైవేటుకు ఇచ్చే ఒప్పందం), దాని అనుబంధాలు అని విడివిడిగా పేర్లు పెట్టి నకళ్లు అడుగు. ముఖ్యంగా ఒప్పందం ముందే రద్దయితే చెల్లింపు ఎలా అనే భాగం అడుగు. అసలు తాళం అక్కడుంటుంది. వాణిజ్య రహస్యం అని తిప్పి పంపితే మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్.

కరెంటు సంగతికొస్తే, నియంత్రణ మండలి ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది, దిన్నెదేవరపాడు రోడ్డులో. రేట్ల మీద మామూలుగా జనవరిలో బహిరంగ విచారణ పెడతారు, కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు, మండలి తన ఆర్డర్‌లో దానికి జవాబు రాయాలి. అక్కడికి కంపెనీల తరఫున లాయర్లు వస్తారు, పరిశ్రమల సంఘాలు వస్తాయి, కమ్యూనిస్టు పార్టీల వాళ్లు, కొద్దిమంది రైతు సంఘాల వాళ్లు వస్తారు. ఇంటి బిల్లు కట్టేవాళ్లు రావడం చాలా అరుదు.

గండికోట

ఆదోని తమ్ముడూ, ఆ పత్రాలు వస్తే ఇక్కడ పెట్టు. ఇంగ్లీషులో వందల పేజీలు ఉంటాయి, భయపడకు. మా మూడో సంవత్సరం పిల్లలతో కలిసి ముఖ్యమైన షరతులు తెలుగులో రాసిస్తాం.

పెనుకొండ బైపాస్

పెనుకొండ కాలేజీ పత్రాలు కూడా అదే దరఖాస్తులో అడుగు బ్రదర్, లేదంటే దాని కోసం నేను వేరేగా వేస్తా. ఫార్మాట్ ఒకటి ఇక్కడ పెట్టండి ఎవరైనా.